నడక ఒక సాకు, మాట అసలు పని

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, పీజీ ఎంట్రన్స్‌కు ఎలా చదవాలో రాద్దామని కూర్చున్నాను. రెండు పేరాలు రాసి చించేశాను. చదువు గురించి చెప్పేవాళ్లు మనకు చాలామంది ఉన్నారు. చదువు తలకెక్కనప్పుడు, మార్కులు రానప్పుడు, ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియనప్పుడు ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ. అందుకే ఈసారి ఆత్మహత్యల నివారణ గురించి రాస్తున్నాను. దాని కోసం ప్రపంచంలో కొందరు ఎంచుకున్న ఒక పద్ధతి గురించి రాస్తున్నాను. ఆ పద్ధతి చాలా మామూలుది. నడక.

ముందుగా కొన్ని లెక్కలు చూద్దాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. అంటే రోజుకు 35 మందికి పైగా. ఒక తరగతి గదిలో కూర్చునేంత మంది పిల్లలు ప్రతిరోజూ మనకు లేకుండా పోతున్నారన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 7 లక్షల 27 వేల మంది ఇలా చనిపోయారు. 15 నుంచి 29 ఏళ్ల వయసు వారి మరణాలకు ఇది మూడో ప్రధాన కారణం. ఆ వయసు మనదే. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరవడానికి భయపడే ప్రాంతం కూడా మనదే.

మరి నడిస్తే ఆత్మహత్యలు ఎలా ఆగుతాయి? ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పినప్పుడు నా మిత్రుడు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వెతుకుదాం.

నడక మన నేలకు కొత్త కాదు

మన దేశంలో ఒక మాటను నలుగురి ముందుకు తేవాలంటే నడవడం పాత పద్ధతే. 1930లో గాంధీజీ ఉప్పు కోసం సబర్మతి నుంచి దండికి నడిచిన సంగతి పాఠ్యపుస్తకంలో చదివాం. మన తెలంగాణలోనే మరో నడక ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పాదయాత్ర చేస్తూ పోచంపల్లి చేరారు. అక్కడి దళితవాడకు వెళ్లి మీకేం కావాలని అడిగారు. సాగు చేసుకోవడానికి 80 ఎకరాల భూమి కావాలని వారు చెప్పారు. వినోబా ఆ మాటను ఊరి ముందు పెట్టారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది.

నాకు ఈ సంఘటనలో నచ్చేది భూమి లెక్క ఒక్కటే కాదు. అక్కడ జరిగిన వరుస. ఒక మనిషి నడిచి వెళ్లాడు, అడిగాడు, అవతలివారు తమ అవసరం నోరు తెరిచి చెప్పారు, విన్నవారిలో ఒకరు స్పందించారు. ఆత్మహత్యల నివారణకు చేసే నడకల్లోనూ జరగాల్సింది ఇదే వరుస. అడగడం, చెప్పడం, వినడం, స్పందించడం. నడక వాటికి దారి చేస్తుంది.

చీకటి పడ్డాక మొదలై తెల్లవారేదాకా

అమెరికాలో ఆత్మహత్యల నివారణకు పనిచేసే ఒక జాతీయ సంస్థ 2002లో వాషింగ్టన్ నగరం దగ్గర ఒక నడక ఏర్పాటు చేసింది. దూరం 26 మైళ్లు, అంటే మన లెక్కలో దాదాపు 42 కిలోమీటర్లు. పొద్దుగూకాక బయలుదేరి రాత్రంతా నడిచి తెల్లవారేసరికి చేరుకోవాలి. 'చీకటిలోంచి బయటికి' అని దానికి పేరు. రాత్రి ఎంత పొడుగ్గా అనిపించినా తెల్లవారక మానదని చెప్పడం వారి ఉద్దేశం. ఆ రాత్రి నడక తర్వాత 2004 నుంచి చిన్న ఊళ్లలో కూడా పగటిపూట తక్కువ దూరం నడకలు మొదలయ్యాయి.

ఆ నడకల్లో ఒక ఏర్పాటు ఉంది. నడిచేవారు మెడలో రంగు రంగుల పూసల దండలు వేసుకుంటారు. బిడ్డను పోగొట్టుకున్నవారిది తెలుపు. భార్యను గానీ భర్తను గానీ పోగొట్టుకున్నవారిది ఎరుపు. తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవారిది బంగారు రంగు. తోబుట్టువును పోగొట్టుకున్నవారిది నారింజ. తానే ఆ బాధతో పోరాడుతున్న మనిషిది ఆకుపచ్చ. ఊరికే తోడుగా వచ్చినవారిది నీలం.

దీని ఉపయోగం ఆలోచించండి. మన మధ్య ఇంట్లో ఇలాంటి మరణం జరిగితే ఆ కుటుంబం ఆ సంగతి దాచుకుంటుంది. కడుపునొప్పి అంటారు, గుండెపోటు అంటారు. ఏళ్ల తరబడి ఒక్కరే మోస్తారు. ఆ నడకలో మాత్రం ఎవరూ ఎవరికీ వివరించాల్సిన పని లేదు. తెల్లపూసల తల్లి పక్కన మరో తెల్లపూసల తల్లి కనిపిస్తుంది. ఆకుపచ్చ పూసలు వేసుకున్న కుర్రాడికి, తనలాంటి వాళ్లు ఇంకా ఇంతమంది ఉన్నారని మొదటిసారి తెలుస్తుంది.

ఐర్లండ్‌లో ఇలాంటిదే మరొకటి ఉంది. 2006లో అక్కడ పియెటా అనే సేవా సంస్థ మొదలైంది. వారు 2009లో డబ్లిన్ నగరంలోని ఫీనిక్స్ పార్కులో తెల్లవారుజామున 4:15 గంటలకు ఒక నడక ప్రారంభించారు. మొదటిసారి వచ్చినవారు సుమారు 400 మంది. దూరం 5 కిలోమీటర్లే. చీకట్లో బయలుదేరి వెలుతురు వచ్చేసరికి ముగిస్తారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో అది దేశం దాటి ఇతర దేశాలకు కూడా పాకింది. వచ్చిన విరాళాలు ఆ సంస్థ ఇచ్చే ఉచిత కౌన్సెలింగ్‌కు వెళ్తాయి. 5 కిలోమీటర్లు నడవడం ఎవరికీ పెద్ద కష్టం కాదు. అంత పొద్దున లేచి, చీకట్లో, మరొకరి కోసం బయటికి రావడంలోనే దాని విలువ.

ముగ్గురు తండ్రులు

నన్ను అన్నిటికంటే కదిలించింది ఇంగ్లండ్‌లో జరిగిన నడక. ఆండీ ఏరీ, మైక్ పామర్, టిమ్ ఓవెన్ అనే ముగ్గురు తండ్రులు. ముగ్గురూ తమ కూతుళ్లను ఆత్మహత్య వల్ల కోల్పోయారు. అంతకుముందు వారు స్నేహితులు కారు, ఈ దుఃఖమే వారిని కలిపింది. 2021 అక్టోబరులో ముగ్గురూ కలిసి ఒకరి ఇంటి నుంచి మరొకరి ఇంటికి 300 మైళ్లు, అంటే సుమారు 480 కిలోమీటర్లు, 15 రోజుల్లో నడిచారు. యువతలో ఆత్మహత్యల నివారణకు పనిచేసే పాపిరస్ అనే సంస్థకు విరాళాలు పోగుచేయడం వారి లక్ష్యం. అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు వచ్చాయి.

కానీ దారిలో వారికి ఎదురైంది విరాళాలే కాదు. రోడ్డు పక్కన తల్లిదండ్రులు వచ్చి నిలబడేవారు. మా అబ్బాయి కూడా, మా అమ్మాయి కూడా అని చెప్పుకునేవారు. కొందరు కాసేపు వారితో నడిచి వెళ్లిపోయేవారు. అలా విన్న తర్వాత ఆ ముగ్గురు అంతటితో ఆగలేదు. 2022లో బ్రిటన్‌లోని నాలుగు చట్టసభలను కలుపుతూ 600 మైళ్లు నడిచారు. ఆత్మహత్యల నివారణ గురించి బడిలోనే, వయసుకు తగినట్లు, చెప్పాలని వారి కోరిక. తమ పిల్లలతో ఈ మాట ముందే మాట్లాడి ఉంటే బాగుండేదన్నది వారి బాధ.

ఇందులో మనం గమనించాల్సినది ఒకటుంది. వారి నడక మూడు మెట్లుగా సాగింది. మొదట సొంత దుఃఖం బయటికి వచ్చింది. తర్వాత ఎదుటివారి దుఃఖం విన్నారు. ఆ తర్వాత ప్రభుత్వాన్ని ఒక స్పష్టమైన పని చేయమని అడిగారు. మూడో మెట్టు లేకపోతే ఎంత దూరం నడిచినా అది ఒక రోజు వార్తగానే మిగులుతుంది.

మన జిల్లా పిల్ల ఎవరెస్టు ఎక్కినప్పుడు

ఎక్కడో దేశాల సంగతులు మనకెందుకు అనుకోవద్దు. ఒళ్లు వంచి చేసే సాహసం అంటే ఏమిటో మన పక్క ఊరి బిడ్డే చూపించింది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. ఆమెతో పాటు ఖమ్మం ప్రాంతానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ మనలాంటి సంక్షేమ విద్యాసంస్థల పిల్లలే. పూర్ణ అక్కడితో ఆగకుండా 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ పూర్తిచేసింది.

పూర్ణ ఎక్కింది ఆత్మహత్యల నివారణ కోసం కాదు. పేద పిల్లలు ఏదైనా సాధించగలరని చూపడానికి. అయినా ఆ సాహసాన్ని ఇక్కడ గుర్తుచేయడానికి కారణం ఉంది. మన సభల్లో పూర్ణ పేరు చెప్పినప్పుడల్లా ధైర్యం, పట్టుదల అనే మాటలే వినిపిస్తాయి. అవి నిజమే. కానీ ఆ శిఖరం ఎక్కినవారు ఎలా ఎక్కారో కూడా చెప్పుకోవాలి. భువనగిరి గుట్ట మీద శిక్షకుడి కళ్ల ముందు శిక్షణ మొదలైంది. తర్వాత డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలో, ఆపైన లడఖ్ చలిలో సాధన చేయించారు. కొండ మీద షెర్పాలు తోడున్నారు. ముందే కట్టిన తాళ్లకు తమను తగిలించుకుని ఎక్కారు. గాలి పలచబడిన చోట ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకున్నారు.

తాడు పట్టుకున్నందుకు పూర్ణను ఎవరైనా పిరికిది అన్నారా? ఆక్సిజన్ పెట్టుకున్నందుకు బలహీనురాలు అన్నారా? అనలేదు. అంత ఎత్తులో అవి లేకుండా వెళ్లడం తెలివితక్కువతనమని అందరికీ తెలుసు. మరి మన గదిలో ఒకడు, నాకు మనసు బాగుండటం లేదు, ఎవరితోనైనా మాట్లాడాలి అంటే, ఎందుకు నవ్వుతాం?

ఓర్చుకో అనే మాట

మన ఇళ్లలో ఓర్పును గొప్ప గుణంగా చెబుతారు. మన అమ్మలు, నాన్నలు ఓర్చుకున్నారు కాబట్టే మనం ఇక్కడ ఉన్నాం. దాన్ని తక్కువ చేయలేను. కానీ ఓర్చుకోవడం వేరు, నోరు మూసుకోవడం వేరు. ఎండలో నాటు వేసే అమ్మ కూడా నడుము పట్టేస్తే పక్క కూలీతో చెబుతుంది, కాసేపు గట్టు మీద కూర్చుంటుంది, నీళ్లు తాగుతుంది. మళ్లీ దిగుతుంది. మనం మాత్రం మనసు నొప్పిని ఎవరికీ చెప్పకపోవడమే మగతనం అనుకుంటాం.

ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే పిల్లవాడి మీద ఈ బరువు ఇంకా ఎక్కువ. నాకు అనుభవమే. నేను పరీక్ష రాస్తుంటే నాతో పాటు నాన్న రాస్తున్నట్టు, అక్క పెళ్లి అప్పు రాస్తున్నట్టు అనిపించేది. ఒక సబ్జెక్టు పోతే పోయింది నా మార్కులే కాదు, ఇంటిల్లిపాది ఆశ అనిపించేది. అలాంటప్పుడు ఇంటికి ఫోన్ చేసి కూడా 'మంచిగనే ఉన్న' అనేవాణ్ణి. మనలో ఎంతమందిమి ఆ అబద్ధం చెప్పలేదు?

వర్ని రోడ్డు మీద

ఈ సంగతి రాయడానికి నా మిత్రుడి అనుమతి తీసుకున్నాను. పేరు రాయను.

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం అది. వాడికి రెండు సబ్జెక్టులు పోయాయి. మొదటి రోజు అందరం ఓదార్చాం. నేనైతే, "గింత దానికే గట్లైతే ఎట్లరా? సప్లిమెంటరీ ఉంది కదా" అన్నాను. మంచి మాటే అన్నానని అనుకున్నాను. ఆ మాటతో వాడు పూర్తిగా నోరు మూశాడని తర్వాత తెలిసింది. రెండో రోజు అన్నం దగ్గరికి రాలేదు. మూడో రోజు తన కొత్త చొక్కా ఒక తమ్ముడికి ఇచ్చాడు, గైడ్లన్నీ మరొకడికి ఇచ్చాడు. మేం మంచితనం అనుకున్నాం.

ఆ సాయంత్రం ఎందుకో నాకు మనసులో పడలేదు. "చాయ తాగుదాం పా" అని బయటికి తీసుకెళ్లాను. చాయ తాగాక గదికి తిరిగి రాకుండా వర్ని వైపు వెళ్లే రోడ్డు పట్టాం. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఊరి దీపాలు వెనకబడ్డాయి. అప్పుడు వాడే అన్నాడు, "అన్నా, నేను లేకుంటేనే ఇంట్లోళ్లకు బరువు తగ్గుతది."

నాకు కాళ్లలో వణుకు పుట్టింది. ఏమనాలో తెలియలేదు. తెలియక నోట్లోంచి వచ్చిన ప్రశ్న ఒక్కటే: "సచ్చిపోవాలనిపిస్తుందారా?" వాడు అవునన్నాడు. అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ రాత్రి తిరిగొచ్చి ఇద్దరం కలిసే మా ఊరి సీనియర్ అన్నకు చెప్పాం, ఆయన వాళ్ల నాన్నను పిలిపించాడు. నాన్న వచ్చి తిడతాడని వాడు భయపడ్డాడు. ఆ పెద్దాయన వచ్చి కొడుకు తల నిమిరి, "మార్కులు పోతే పోయినయ్ బిడ్డా, నువ్వుంటే సాలు" అన్నాడు. తర్వాత డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లారు. కొన్ని నెలలు మందులు వాడాడు. ఈ రోజు వాడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, ఈ వ్యాసాన్ని నాకంటే ముందు చదివింది వాడే.

గదిలో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మూడు రోజులు రాని మాట, పక్కపక్కన నడుస్తుంటే ఎందుకు వచ్చింది? ముఖం చూడాల్సిన పని లేదు. చీకటి ఉంది. మధ్యలో మౌనం వచ్చినా ఇబ్బంది లేదు, కాళ్లు నడుస్తూనే ఉంటాయి. నడక ఎందుకు పనికొస్తుందని నా మిత్రుడు అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇది.

ఆ గడియ దాటాలి

చాలామంది, చావాలనుకున్నవాణ్ణి ఎవరూ ఆపలేరు అంటారు. ఇది నిజం కాదు. శ్రీలంకను చూడండి. అక్కడ ఒకప్పుడు ఆత్మహత్యల రేటు ప్రపంచంలోనే అత్యధికమైన వాటిలో ఒకటి. 1995లో లక్ష జనాభాకు 47 మంది. అత్యంత విషపూరితమైన పురుగుమందులను ప్రభుత్వం దశలవారీగా నిషేధించింది. 2005 నాటికి ఆ రేటు 24కు, అంటే దాదాపు సగానికి తగ్గింది. ప్రమాదకరమైన వస్తువు చేతికి అందకపోతే ఎన్నో ప్రాణాలు నిలిచాయి. చాలామందిలో ఆ తీవ్రమైన కోరిక కొద్దిసేపు ఉండి తగ్గిపోతుంది. ఆ సమయంలో ఒక మనిషి పక్కన ఉండాలి, ప్రమాదకరమైనది దూరంగా ఉండాలి. పల్లెల్లో వ్యవసాయం చేసే మన ఇళ్లలో మందు డబ్బాలను తాళం వేసిన పెట్టెలో పెట్టమని ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు చెప్పండి. చిన్న పనే, ప్రాణం నిలిపే పని.

ఎలా గుర్తించాలి? ఏం చేయాలి?

మన గదిలో, మన బెంచీ మీద ఉన్నవాడిలో ఈ మార్పులు కనిపిస్తే పట్టించుకోండి. నేను అందరికీ బరువు అనడం. ఇక ఏమీ లేదు అనడం. నలుగురిలో కలవకపోవడం. తిండి, నిద్ర తప్పిపోవడం. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం. వెళ్లొస్తానన్నట్టు మాట్లాడటం. చాలా రోజులు కుంగిపోయి ఉన్నవాడు ఒక్కసారిగా ప్రశాంతంగా మారిపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తప్పకుండా ఏదో జరుగుతుందని కాదు. అడగాల్సిన సమయం వచ్చిందని అర్థం.

నేరుగా అడగండి. ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం వద్దు. అడగడం వల్ల ఆలోచన పుట్టదని, పైగా మనసు తేలికపడుతుందని నిపుణులు చెబుతున్నారు. అడిగాక వినండి. సలహాలు ఆపండి. 'నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా' అని పోల్చకండి. 'ఎవరికీ చెప్పనని ఒట్టు' అని మాత్రం వేయకండి. ఆ ఒట్టు వేస్తే సాయం దారి మీరే మూసినట్టు. వాణ్ణి ఒంటరిగా వదలకుండా వార్డెన్‌కో, లెక్చరర్‌కో, నమ్మకమైన పెద్దవారికో చెప్పండి. చెప్పిన మొదటి మనిషి పట్టించుకోకపోతే రెండో మనిషికి చెప్పండి.

ఫోన్ ద్వారా సాయం కూడా ఉంది. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. నంబరు 14416. ఉచితం. రాత్రయినా పగలైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. 18 ఏళ్ల లోపు పిల్లలకు 1098 ఉంది. ప్రాణాపాయం అనిపిస్తే 112కు ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో రోష్ని అనే స్వచ్ఛంద సంస్థ 1997 నుంచి ఇలాంటి బాధలు వినే పని చేస్తోంది.

చట్టం మన పక్షాన ఉంది

పోలీసు కేసు అవుతుందన్న భయంతో చాలామంది ఆసుపత్రికి వెళ్లరు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, ప్రభుత్వం అతనికి వైద్యం, సంరక్షణ అందించాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ విద్యాసంస్థలకు, హాస్టళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. టెలి మానస్ వంటి సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో అందరికీ కనిపించేలా పెద్ద అక్షరాలతో రాయాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కుల పేరుతో పిల్లలను నలుగురిలో అవమానించకూడదు. ఇవి దయతో ఇచ్చేవి కావు, మనం అడిగి తీసుకోవలసినవి. ముగ్గురు తండ్రుల మూడో మెట్టు మన విషయంలో ఇదే.

మనం కూడా నడుద్దామా?

సెప్టెంబరు 10 ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం. 2003 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు మన వసతి గృహం నుంచి ఒక నడక పెట్టుకుందామని నా ప్రతిపాదన. రికార్డుల కోసం కాదు కాబట్టి 5 కిలోమీటర్లు చాలు. తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరి వెలుగొచ్చాక తిరిగి వద్దాం. వార్డెన్ గారి అనుమతి తీసుకుందాం, పోలీసులకు ముందే చెబుదాం, టార్చిలైట్లు, నీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె పట్టుకుందాం. కాలు నొప్పి ఉన్నవాడు, జ్వరం ఉన్నవాడు గేటు దగ్గరే ఉండి చాయ కాచి పెట్టినా నడిచినట్టే లెక్క.

నినాదాలు వద్దు. ఎవరు ఎలా చనిపోయారన్న కథలు అసలే వద్దు. అవి వినే బలహీన మనసుకు హాని చేస్తాయి. ఇద్దరిద్దరుగా నడుద్దాం, ఒక సీనియర్, ఒక జూనియర్. పూసల బదులు మనకు చేతికి దారం కట్టుకునే అలవాటు ఉంది కదా, దారం కట్టుకుందాం. రంగు ఎంచుకోవడం, ఎంచుకోకపోవడం ఎవరిష్టం వారిది. ఎందుకు ఆ రంగు అని ఎవరూ అడగకూడదు, ఫొటోలు తీసి పంపకూడదు. తిరిగొచ్చాక ప్రభుత్వ ఆసుపత్రి నుంచి మానసిక వైద్యులు ఎవరైనా వచ్చి అరగంట మాట్లాడేలా చూద్దాం. ఆ రోజే గేటు పక్క గోడ మీద 14416 అని పెద్దగా రాద్దాం.

అసలు పని ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది. కలిసి నడిచిన ఆ ఇద్దరూ ఏడాది పొడుగునా వారానికి ఒక్కసారైనా కలిసి నడవాలి. ముఖ్యంగా ఫలితాలు వచ్చే వారం, సెలవుల తర్వాత తిరిగి వచ్చే వారం. ఒక్క రోజు నడకతో ఎవరి బాధా తీరదు. వైద్యం కావలసిన చోట నడక సరిపోదు, డాక్టరే కావాలి. ఆ డాక్టరు దాకా ఒంటరిగా వెళ్లలేనివాడికి పక్కన ఒకడు ఉండటానికే ఈ ఏర్పాటు.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మనం గెలిచిన కథలే చెబుతాం. ఈసారి తప్పిన పరీక్ష గురించి, గదిలో తలుపేసుకుని ఏడ్చిన రాత్రి గురించి కూడా ఒక మాట చెప్పండి. స్టేజీ మీద సూటు వేసుకుని నిలబడిన అన్న కూడా ఒకప్పుడు ఇలాగే ఉన్నాడని వెనక వరుసలో కూర్చున్న తమ్ముడికి తెలియాలి.

తమ్ముళ్లారా, ఈ పేజీ చదువుతున్న మీలో ఎవరికైనా ఇప్పుడే మనసు బాగుండకపోతే, సెప్టెంబరు దాకా ఆగకండి. పక్క మంచం మీద ఉన్నవాణ్ణి లేపండి. "కొంచెం దూరం నడిచొద్దాం పా" అనండి. ఆ మాట విన్నవాడు నిద్రమత్తులో ఉన్నా సరే చెప్పులేసుకుని లేవాలి. ఈ వసతి గృహంలో మనం ఒకరికొకరం ఇవ్వగలిగే మాట అది.